మందు త్రాగినవారి వెంట సీసాను కూడ పంపవలెను

ధర్పల్లి ప్రాంతమున పసుపు, మొక్కజొన్న, వరి పండించు రైతుల ఇండ్లలో పురుగుమందు, గడ్డిమందు సీసాలుండుట సామాన్యము. ఎవరైనను అట్టి మందు త్రాగిరని తెలిసినంతనే మన పల్లెలలో ఉప్పునీరో, సబ్బునీరో, పేడనీరో బలవంతముగ పోసి వాంతి చేయింతురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. స్పృహ తప్పుచున్నవారి వాంతి ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయగలదు.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి పురుగుమందులు లోనికి పోయినచో కంటిపాపలు సూదిమొనలవలె చిన్నవగును. నోట చొంగ, ఒడలెల్ల చెమట, కండరముల అదురు కనబడును, ఊపిరి గురగురలాడును. వీరికి ఆసుపత్రిలో అట్రోపిన్ సూదిమందు ఇత్తురు.

పారాక్వాట్ అను గడ్డిమందు సంగతి వేరు. నోరు, గొంతు మండినను రోగి మొదటి దినమున చక్కగా మాటలాడుచుండవచ్చును. అది చూచి ఇంటివారు ఆసుపత్రికి పోక ఊరకుందురు. పిమ్మట మూత్రపిండములు, ఊపిరితిత్తులు చెడును. దీనికి విరుగుడు లేదు. కావుననే తొలి గంటలు మరింత విలువైనవి.

వెంటనే 108కు ఫోను చేయవలెను. మందు తడిసిన బట్టలు తీసివేసి, ఒంటిని సబ్బునీటితో కడుగవలెను. కడుగువారు చేతులకు తొడుగులు ధరింపవలెను. స్పృహ లేనివారిని ఎడమప్రక్కకు ఒత్తిగిల పరుండబెట్టవలెను.

పోలీసు కేసు భయముతో కొందరు సీసాను దాచుదురు. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర మనోవేదనలో నున్నవారిగ భావింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ఈ మాట ఇంటివారికి తెలుపవలసినది పంచాయతీ సభ్యులే. సీసాపై చీటీ చిరిగియున్నచో, అమ్మిన దుకాణదారు నడిగి మందు పేరు ఆసుపత్రికి ఫోనులో తెలుపవచ్చును.