మధ్య పదం దొరికితే మొత్తం దొరికినట్టే

ఎస్సెస్సీ సీజీఎల్ టైర్-1లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు. ప్రశ్నకు 36 సెకన్లన్నమాట. ఆర్‌ఆర్‌బీ ఎన్టీపీసీ తొలి దశలో 90 నిమిషాలిస్తారు కాబట్టి అక్కడ 54 సెకన్లు. పదో తరగతిలో బట్టీపట్టిన అంకశ్రేఢి సూత్రాలను గుర్తు చేసుకుని, విలువలు వేసి, సూక్ష్మీకరించేంత తీరిక ఈ రెండింట్లోనూ ఉండదు. పైగా ప్రశ్నలో ‘అంకశ్రేఢి’ అన్న మాట చాలాసార్లు కనిపించదు. ‘7తో నిశ్శేషంగా భాగించబడే మూడంకెల సంఖ్యల మొత్తం ఎంత?’ అని అడిగి ఊరుకుంటారు. అది శ్రేఢి అని పసిగట్టడం మన వంతు.

సూత్రం కన్నా దాని వెనకున్న సంగతి పట్టుకోండి. సమాన తేడాతో నడిచే వరుసలో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి తీసి కలుపుకుంటూ వస్తే ప్రతి జతకూ ఒకటే మొత్తం వస్తుంది. అందుకే మొదటి, చివరి పదాలను కలిపి సగం చేస్తే అది వరుస మొత్తానికీ సగటు. దాన్ని పదాల సంఖ్యతో గుణిస్తే పనైపోతుంది. 499 నాటి ఆర్యభటీయంలోనే ఈ పద్ధతి ఉంది.

పై ప్రశ్నలో మొదటిది 105, చివరిది 994. తేడా 889ని 7తో భాగిస్తే 127. ఇక్కడే చాలామంది జారిపోతారు. 127 అనేది పదాల మధ్య ఉన్న సందుల లెక్క. అయిదు వేళ్లకు నాలుగు సందులే ఉన్నట్టు, 127 సందులుంటే పదాలు 128. సగటు 549.5. మొత్తం 70,336. ప్రశ్న తయారుచేసేవారికీ ఈ సంగతి తెలుసు కాబట్టి 127తో గుణిస్తే వచ్చే సంఖ్య కూడా ఆప్షన్లలో కూర్చుని ఉంటుంది. సీజీఎల్ టైర్-1లో తప్పు జవాబుకు అర మార్కు కోత, ఎన్టీపీసీలో మూడో వంతు. తెలిసిన లెక్కకు మార్కు పోగొట్టుకోవడం కంటే కడుపుమంట ఏముంటుంది?

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. ఒక అంకశ్రేఢిలో 4వ, 12వ పదాల మొత్తం 20. తొలి 15 పదాల మొత్తం ఎంత? మొదటి పదం ఇవ్వలేదు, పదాంతరం ఇవ్వలేదు. ఇచ్చిన సమాచారంతో ఆ రెండూ కనుక్కోలేం కూడా. సూత్రం పట్టుకుని కూర్చున్నవారు ఇక్కడే ఆగిపోతారు. 4కీ 12కీ నడుమ ఉన్నది 8. కాబట్టి 8వ పదం 10. పదిహేను పదాల వరుసకు కూడా నట్టనడుమ ఉన్నది 8వ పదమే. పదిహేను పదులు 150. కాగితం మీద పెన్ను పెట్టకుండానే అయిపోయింది.

బ్యాంకు పరీక్షల నంబర్ సిరీస్‌లో తేడాలు నేరుగా సమానంగా ఉండకపోవచ్చు. 3, 7, 13, 21, 31లో తేడాలు 4, 6, 8, 10. ఆ తేడాలే ఒక శ్రేఢి కాబట్టి తర్వాతి సంఖ్య 43. రెండో అంచె దాకా వెళ్లి చూడటం అలవాటు చేసుకుంటే చాలు.

రికరింగ్ డిపాజిట్ లెక్క కూడా ఇదే. నెలకు వెయ్యి చొప్పున ఏడాది కడితే తొలి వాయిదాకు 12 నెలల వడ్డీ, రెండోదానికి 11, చివరిదానికి ఒక్క నెల. 12 నుంచి 1 దాకా కలిపితే 78. 6 శాతం బారువడ్డీ అయితే వెయ్యికి నెలకు 5 రూపాయలు కాబట్టి మొత్తం వడ్డీ 390. (నిజం బ్యాంకులో చక్రవడ్డీ ఉంటుంది, పరీక్షలో ఇలా అడుగుతారు.) కామర్స్ విద్యార్థులు ఈ 78ని గుర్తుంచుకోవాలి. ఏడాది అప్పు మీద మొత్తం వడ్డీని 78 వాటాలు చేసి, తొలి నెలకు 12, రెండో నెలకు 11 వాటాలు చొప్పున జమకట్టే పద్ధతిని ‘రూల్ ఆఫ్ 78’ అంటారు. ఆ లెక్కన తొలి ఆరు నెలలకే 57 వాటాలు పోతాయి. అప్పు ముందుగా తీర్చేసినా పెద్దగా మిగిలేదేమీ ఉండదు. అమెరికాలో 61 నెలలకు మించిన వినియోగదారుల రుణాలకు 1992 చట్టంతో దీన్ని నిషేధించారు.

చివరగా జీతం. అయిదో వేతన సంఘం కాలంలో కేంద్ర ఉద్యోగుల స్కేలును 5000-150-8000 అని రాసేవారు. మొదలు 5000, ఏటా 150 పెంపు, గరిష్ఠం 8000. అచ్చమైన అంకశ్రేఢి. ఇంక్రిమెంట్లు 20, మెట్లు 21. ఏ మెట్టులోనూ ఆగకుండా 21 ఏళ్లు పనిచేస్తే సగటు మూలవేతనం 6500, మొత్తం 16,38,000. 2006 నుంచి కేంద్రంలో ఇంక్రిమెంట్ 3 శాతమైంది. శాతం వచ్చిందంటే తేడా ఏటా పెరుగుతుంది, అది గుణశ్రేఢి దారి. ‘ఏటా 600 పెరిగితే’ అన్నారా, ‘ఏటా 3 శాతం పెరిగితే’ అన్నారా అన్నది చూశాకే లెక్క మొదలుపెట్టండి.

అభ్యాసానికి ఒకటి. ఆ కాలంలోనిదే 5500-175-9000 స్కేలు. గరిష్ఠ మెట్టులో ఏడాది కూడా పూర్తయ్యేసరికి అందుకున్న మొత్తం మూలవేతనం ఎంత? 17,40,000 వచ్చిందంటే మెట్లకు బదులు ఇంక్రిమెంట్లు లెక్కపెట్టారన్నమాట. రావాల్సింది 18,27,000.