పొగవలని దగ్గునకు యాంటీబయాటిక్ మందులు పనిచేయునా?

1952వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన లండను నగరమును పొగమంచు క్రమ్మెను. ఇండ్లలోను కర్మాగారములలోను గాల్చిన బొగ్గుపొగ, గాలి కదలికలేక నేలనంటి నిలిచి, 9వ తేదీవఱకు వీడలేదు. దానివలన నాలుగువేలమంది మరణించిరని మొదట లెక్కించిరి. పండ్రెండువేలవఱకు నుండునని తరువాతి పరిశోధకులు కొందఱు చెప్పిరి. ఫ్లెమింగు పండితుడు 1928లో పెన్సిలిను కనుగొన్నది ఆ నగరముననే. 1952 నాటికి అది వైద్యులకు సులభముగా లభించుచుండెను. అయినను ఇంతమంది యేల మరణించిరి?

పెన్సిలిను, బాక్టీరియాను తన చుట్టు గోడ కట్టుకొననీయక చంపును. పొగరేణువునకు గోడయు లేదు, ప్రాణమును లేదు, చంపుట కేమున్నది? సూక్ష్మరేణువులును గంధకపు పొగయు శ్వాసనాళముల లోపొరను గాయపఱచగా, శరీరము తెల్లరక్తకణములను అచటికి పంపును. పొర యుబ్బును, కఫము ఊరును, ఊపిరి దారి యిఱుకగును. ఇదియే శ్వాసనాళముల వాపు. దీనికి క్రిమి యక్కఱలేదు. అయితే గాయపడిన నాళములలో క్రిములు సులువుగా చేరును. అట్లు న్యుమోనియా కలిగినప్పుడు ఈ మందులే ప్రాణములు నిలుపును. వానిని తక్కువచేయుట నా యుద్దేశము కాదు.

ఇందొక చిక్కు కలదు. ఎరిత్రోమైసిన్ తెగకు చెందిన మందులు క్రిములను అణచుటయేగాక వాపును గూడ కొంత తగ్గించును. 2011లో అమెరికాలో ప్రకటింపబడిన పరీక్షయందు, దీర్ఘకాల శ్వాసావరోధవ్యాధిగల 1,142 మందిలో సగముమందికి ఆ తెగలోని అజిత్రోమైసిన్ దినమునకు 250 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది యిచ్చిరి. తక్కినవారికి మందులేని మాత్రల నిచ్చిరి. మందు తినినవారికి వ్యాధి ప్రకోపించుట తగ్గెను. కాని వారిలో కొందఱికి వినికిడి మందగించెను. వారు వైద్యుల పర్యవేక్షణలోనున్న చిరకాల రోగులు. పొగపీల్చి దగ్గు ప్రతివారికిని ఆ మేలు కలుగునని దీనివలన తేలదు.

కట్టెలపొయ్యి యూదుచు దగ్గు తల్లికి, అంగడినుండి నాలుగు మాత్రలు తెచ్చియిచ్చు కుమారులు మనలో లేకపోలేదు. ప్రేమచేతనే తెత్తురు. కాని మఱునాడును పొయ్యి పొగయుచునే యుండును. ఆ మాత్రలకు లొంగని క్రిములు మాత్రము వృద్ధిపొందును. అరకొర మోతాదువలన నిట్లగునని 1945లో నోబెల్ ఉపన్యాసమున ఫ్లెమింగే హెచ్చరించెను.

బ్రిటనువారు 1956లో చట్టముచేసి, కొన్ని ప్రాంతములలో పొగవచ్చు బొగ్గును గాల్చుట మాన్పించిరి. వంటింటికి పొగగొట్టమో గ్యాసుపొయ్యియో అట్టి చికిత్సయే. దగ్గు రెండువారములు మించినచో, పొయ్యిమీదనే నింద వేయక, ఆసుపత్రిలో కఫపరీక్ష చేయింపవలెను. అది క్షయయు గావచ్చును.