చదును బాటే కదా అని...

ప్రశ్న: మా అత్తయ్యగారికి 64 ఏళ్లు. ఖమ్మం నుంచి ఆరు నెలలుండడానికి వచ్చారు. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. ఇంటి దగ్గర స్కూల్‌కిల్ నది పక్కన నడక బాట ఉంది. మొన్న పొద్దున్నే అక్కడికి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు కాళ్లు తేలిపోతున్నాయంటూ కూర్చుండిపోయారు. మానిపించాలా? (పాఠకురాలు, ఫీనిక్స్‌విల్, పెన్సిల్వేనియా)

జవాబు: మానిపించకండి. కారు లేనిదే పాలప్యాకెట్టు కూడా తెచ్చుకోలేని ఆ శివార్లలో, ఆవిడ ఎవరినీ బతిమాలకుండా వెళ్లగలిగే చోటు బహుశా అదొక్కటే.

ముందు మందుల సంగతి చూద్దాం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. లేవగానే కాసిని టీ తాగి నడకకు బయల్దేరడం మనవాళ్ల అలవాటు. ఆ మందు వాడేవాళ్లకు అది పనికిరాదు. ఏదైనా తిన్నాకే బయల్దేరమనండి. చెమట, వణుకు, దడ కనిపిస్తే గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తక్కువుంటే 3, 4 గ్లూకోజు బిళ్లలు లేదా అరగ్లాసు పళ్లరసం ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. షుగరు సరిగ్గానే ఉన్నా నడిస్తే ఆయాసమో నిస్సత్తువో వస్తుంటే గుండె పరీక్ష చేయించండి. షుగరున్నవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండె ఇబ్బంది పెట్టవచ్చు.

ఇక బాట. అందులో చాలా భాగం పాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ల లైను నడిచిన దారి. రైలు నిట్టనిలువు ఎక్కలేదు గనుక దారిని చదునుగా వేశారు. మోకాళ్లకు అది మేలే. కీళ్లు అరిగాయని నడక మానేస్తే తొడ కండరాలు సన్నబడి నొప్పి ఇంకా పెరుగుతుంది. కానీ ఆ చదునే మోసం కూడా చేస్తుంది. ఆయాసం రాదు, ఎంత దూరం వచ్చామో తెలియదు, వెనక్కి రావడానికి అక్కడ ఆటో దొరకదు. అలసిపోయాక కాదు, గడియారం చూసి వెనక్కి తిరగాలి. మొదటి వారం 10 నిమిషాలు పోవడం, 10 నిమిషాలు రావడం చాలు. మెల్లగా పెంచుకుంటూ వారానికి మొత్తం 150 నిమిషాలకు చేరుకుంటే బాగుంటుంది. మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడలేకపోవాలి. వేగానికి అంతకు మించిన కొలత అక్కర్లేదు.

చెప్పులు వద్దు, బూట్లు వేయించండి. ఇంటికొచ్చాక అరికాళ్లు చూడండి. స్పర్శ తగ్గిన పాదంలో బొబ్బ లేచినా తెలియదు. ఇంకొకటి, ఆవిడ జీవితమంతా ఎడమ పక్కన నడిచిన మనిషి. అక్కడ కుడి పక్కన నడవాలి. వెనక నుంచి సైకిలతను ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని అరిస్తే లెఫ్ట్‌కు జరగమన్నాడనుకుని సరిగ్గా అతనికి అడ్డం పడతారు. ‘నీ ఎడమ వైపు నుంచి వస్తున్నాను’ అని దానర్థమని ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: వయసు 41. శని, ఆదివారాలు స్కూల్‌కిల్ నది బాటలో గంటల తరబడి సైకిలు తొక్కుతాను. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. మోకాలి ముందు భాగం నొప్పి. (కాన్షహాకెన్)

జవాబు: అరచేతి అంచున పోయే నరం హ్యాండిల్ మీద నలుగుతోంది. చేతులు తరచూ మార్చి పట్టుకోండి, మెత్తటి గ్లవ్స్ వేసుకోండి. మోకాలి ముందు నొప్పికి తరచుగా కారణం సీటు కిందికి ఉండడం. పెడల్ అట్టడుక్కి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. గేరు తగ్గించి తేలిగ్గా, వేగంగా తొక్కండి. మీరు రాయలేదు గానీ, చాలామంది సిగ్గుపడి దాచే సంగతి ఒకటుంది. తొడల మధ్య తిమ్మిరి. అదుంటే సీటు ముక్కు కాస్త దించండి, మధ్యమధ్య లేచి నిలబడి తొక్కండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. వారమంతా కుర్చీలో కూర్చుని రెండు రోజుల్లో లెక్క సరిచేయాలనుకుంటే శరీరం ఊరుకోదు. మధ్యలో ఒకటి రెండు సాయంత్రాలు కూడా తొక్కండి.

ప్రశ్న: వ్యాలీ ఫోర్జ్ దగ్గర నడిచొచ్చాక నాన్నగారి పిక్క మీద చిన్న పురుగు అతుక్కుని కనిపించింది. అగ్గిపుల్లతో కాల్చమన్నారెవరో. (కింగ్ ఆఫ్ ప్రష్యా)

జవాబు: కాల్చొద్దు, వాజిలీను పూయొద్దు. అది టిక్. మన గేదెలకు పట్టే గోమారికి చుట్టం. అక్కడి జింక టిక్ పిల్ల దశలో గసగసాలంతే ఉంటుంది, మే నుంచి జూలై దాకా ఎక్కువ. సన్నమొన ట్వీజర్లతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. తర్వాత సబ్బుతో కడగండి.

ఈ టిక్ కుడితే వచ్చే లైమ్ వ్యాధి ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో పెన్సిల్వేనియా ఒకటి. టిక్ సుమారు 36 గంటలు, అంతకు మించి అతుక్కుని ఉంటే, తీసిన 72 గంటల్లోపు ఒక్క మోతాదు డాక్సీసైక్లిన్ ఇవ్వాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. అందుకే ఎప్పుడు నడిచారో, ఎప్పుడు తీశారో రాసిపెట్టుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు బాట అంచు గడ్డిలోకి దిగొద్దు. ప్యాంటు కొసలు సాక్సులో దోపి, పురుగుల్ని దూరంగా ఉంచే డీట్ ఉన్న మందు రాసుకోండి. రాగానే బట్టలు డ్రయ్యర్‌లో బాగా వేడి మీద 10 నిమిషాలు తిప్పండి. స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, గజ్జలు, చంకలు, చెవుల వెనక తడిమి చూసుకోవాలి.

లైమ్ సోకితే దద్దురు, టిక్ కుట్టిన 3 నుంచి 30 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. రోజురోజుకూ వెడల్పవుతుంది. దురద, నొప్పి ఉండకపోవచ్చు. జ్వరం, ఒళ్లు నొప్పులు తోడు రావచ్చు. తొలి రోజుల్లో రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా కాదని చెప్పలేం. నాన్నగారి తిరుగు ప్రయాణం ఈలోగానే ఉంటే, పురుగు ఫొటో, తీసిన తేదీ ఆయన ఫోన్లో పెట్టి పంపండి. ఇంటికెళ్లాక జ్వరం వస్తే మన డాక్టర్లకు డెంగీ, టైఫాయిడ్ ముందు గుర్తుకొస్తాయి. అమెరికాలో టిక్ కుట్టిందని ఆయనే మొదట చెప్పాలి.