సర్పముల గ్రుడ్లు – ఇంటి సామగ్రితో పొదుగు పెట్టె

కోడి తన గ్రుడ్లపై కూర్చుండి పొదుగుట మనమందరము చూచినదే. పాము గ్రుడ్లు ఎట్లు పొదుగబడునో ఆలోచించువారు మాత్రము అరుదు. పొలము గట్టు త్రవ్వునప్పుడో, పాత గోడ పడగొట్టునప్పుడో, గడ్డివాము తీయునప్పుడో తెల్లని, కోలగానుండు మెత్తని గ్రుడ్ల గుంపు బయటపడిన యెడల, మనవారు సాధారణముగా చేయు మొదటి పని వానిని పారతో చితుకగొట్టుట. ఆ గ్రుడ్లలో ఎలుకలను తిని రైతు ధాన్యమును కాపాడు జెర్రిపోతు పిల్లలు ఉండవచ్చును. నాగుపాము పిల్లలును ఉండవచ్చును. ఏవైనను చట్టము వానిని కాపాడుచున్నది. అట్టి గ్రుడ్లను అటవీ శాఖ వారి అనుమతితో రక్షించుటకు వలయు పొదుగు పెట్టెను, అనగా ఇంక్యుబేటరును, సామాన్య వస్తువులతో ఎట్లు నిర్మింపవచ్చునో, దాని వెనుకనున్న శాస్త్రమేమో తోటి విద్యార్థులకు తెలియజేయుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

తల్లి పాము చేయు పని

అన్ని పాములును గ్రుడ్లు పెట్టవు. మన ప్రాంతమున కనబడు వానిలో నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ గ్రుడ్లు పెట్టును. రక్తపింజర, చిన్నపింజర నేరుగా పిల్లలను కనును. నాగుపాము ఎలుక బొరియలలోను, పుట్టలలోను సాధారణముగా 10 మొదలు 30 వరకు గ్రుడ్లు పెట్టును. సుమారు రెండు నెలలకు పిల్లలు వెలువడును. తూర్పు కనుమలలో గిరినాగు అని పిలువబడు రాచనాగు తన శరీరముతో ఎండుటాకులను ప్రోగుచేసి గూడు కట్టుకొనును. ఆకులు చివుకునప్పుడు పుట్టు వేడియు, ఆకుల నడుమ నిలుచు తేమయు గ్రుడ్లకు ఉపకరించును. ఆడ కొండచిలువ గ్రుడ్లను చుట్టుకొని పరుండి, తన కండరములను మాటిమాటికి వణికించి వేడిని పుట్టించును. శీతల రక్త జంతువులలో ఇది అపురూపమైన విషయము.

ఈ పద్ధతులు వేరువేరుగా కనబడినను వాని ఫలము ఒక్కటే. గ్రుడ్డునకు కావలసినవి స్థిరమైన వెచ్చదనము, చాలినంత తేమ, కదలిక లేని విశ్రాంతి. మన పెట్టె ఈ మూడింటిని సమకూర్చిన చాలును.

కోడిగ్రుడ్డునకు, పాముగ్రుడ్డునకు గల భేదము

కృత్రిమముగా గ్రుడ్లను పొదిగించు విద్య క్రొత్తది కాదు. ప్రాచీన ఈజిప్టు దేశీయులు మట్టి పొయ్యిలలో కోడిగ్రుడ్లను పొదిగించెడివారు. 12వ శతాబ్దము చివర ఆ దేశమునకు వెళ్ళిన బాగ్దాదు పండితుడు అబ్దుల్ లతీఫ్ ఆ విధానమును తన గ్రంథమున వివరముగా వర్ణించెను. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రోమ్యూర్ 1749లో ఈ విషయముపైననే ఒక గ్రంథమును ప్రకటించెను. అయితే కోడిగ్రుడ్లకు పనికివచ్చు యంత్రము పాముగ్రుడ్లకు పనికిరాదు.

కోడిగ్రుడ్డు పెంకు గట్టిది. దానికి సుమారు 37.5 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను, దినమునకు పలుమారులు త్రిప్పుచుండవలెను. 21 దినములకు పిల్ల వెలువడును. పాముగ్రుడ్డు పెంకు తోలు వలె మెత్తనిది. అది చుట్టునున్న తేమను పీల్చుకొని క్రమముగా ఉబ్బి బరువెక్కును. దానికి చాలునది 28 మొదలు 30 డిగ్రీల వేడి మాత్రమే. అన్నిటికంటె ముఖ్యమైనది, దానిని త్రిప్పరాదు. గ్రుడ్డు పెట్టిన కొలది కాలమునకే లోని పిండము పెంకు లోపలి పొరకు అంటుకొనును. అటుపిమ్మట గ్రుడ్డును తలక్రిందులు చేసిన యెడల పొరలు చినిగి పిండము మరణింపవచ్చును. కోడికి ప్రాణము పోయు పనియే పాముకు ప్రాణము తీయునన్నమాట.

వేడి తగ్గిన యెడల పెరుగుదల మందగించి పొదుగు కాలము పొడిగించును. 33, 34 డిగ్రీలు దాటి అట్లే నిలిచిన యెడల వెన్ను వంకరయైన పిల్లలు పుట్టవచ్చును, లేదా గ్రుడ్లన్నియు చెడిపోవును. కావున కొంచెము చల్లదనము కంటె కొంచెము అధికమైన వేడియే ప్రమాదకరము. మొసళ్ళలోను, పెక్కు తాబేళ్ళలోను పిల్ల ఆడదియో మగదియో నిర్ణయించునది పొదుగు వేడి. పాములలో అట్లు కాదు, కోళ్ళలో వలె క్రోమోజోములే నిర్ణయించును.

పెట్టె నిర్మాణము

కావలసిన వస్తువులు: మూతగల పెద్ద థర్మోకోల్ పెట్టె ఒకటి, చేపల తొట్టెలలో వాడు నీటి హీటరు ఒకటి, ఇటుకలు రెండు, మూతగల ప్లాస్టిక్ డబ్బా ఒకటి, ఉష్ణమాపకములు రెండు.

థర్మోకోల్ పెట్టెలో నాలుగైదు అంగుళముల లోతున నీరు పోయవలెను. ఇటుకల పైభాగము నీటి మట్టమునకు పైనుండునట్లు అమర్చి, వానిపై గ్రుడ్ల డబ్బాను నిలుపవలెను. హీటరును నీటిలో పూర్తిగా మునుగునట్లు ఉంచవలెను. నీరు వెచ్చబడి, ఆ వెచ్చదనమును, ఆవిరిని పెట్టె అంతటికి సమముగా పంచును. విద్యుద్దీపము వాడువారును కలరు గాని, బల్బు ఒక ప్రక్కనే వేడిచేసి తేమను ఆర్పివేయును. నీటి పద్ధతిలో మరియొక లాభము కలదు. విద్యుత్తు పోయినను నీరు చాలసేపు వెచ్చగా నుండి గ్రుడ్లను కాపాడును.

హీటరు పై అంకెను నమ్మరాదు. ఒక ఉష్ణమాపకమును గ్రుడ్ల డబ్బాలోననే ఉంచి దానినే ప్రమాణముగా గ్రహింపవలెను. రెండవదానిని గదిలో ఉంచవలెను. నీటిలో చేయి పెట్టుటకు ముందు ప్లగ్గును తప్పక తీసివేయవలెను. నీటి మట్టము తగ్గి హీటరు బయటపడకుండ చూచుచుండవలెను.

వేసవి సమస్య

పుస్తకములలోని పెట్టెలు పెక్కు చలిదేశముల వారు రూపొందించినవి. వారి చింత అంతయు వేడి చేయుటను గురించియే. మన నాగుపాములు సాధారణముగా గ్రుడ్లు పెట్టునది వేసవిలో. అప్పుడు గది వేడియే 35 డిగ్రీలు దాటును. అట్టి దినములలో హీటరుతో పనిలేదు సరికదా, చల్లబరచుటయే అసలు సమస్య. ఇచ్చట మన మట్టికుండ గొప్ప సాధనము. పెద్ద కుండలో ఇసుక పోసి, దాని నడుమ చిన్న కుండను నిలిపి, చుట్టునున్న ఇసుకను తడుపుచుండవలెను. కుండ సూక్ష్మరంధ్రముల గుండ నీరు ఆవిరియగునప్పుడు వేడిని తీసికొనిపోవును, కనుక లోపల చల్లగానుండును. త్రాగునీరు చల్లబడుటకు కారణమును ఇదియే. గాలి పొడిగానుండు తెలంగాణ, రాయలసీమలలో ఈ పద్ధతి బాగుగా పనిచేయును. సముద్ర తీరమున గాలిలో తేమ అధికము గనుక ఫలము తక్కువ. ఇంక్యుబేటరు అనగా వేడిచేయు పెట్టె అని కాక, మార్పును నివారించు పెట్టె అని గ్రహించుట మేలు.

గ్రుడ్లను అమర్చు విధము

డబ్బాలో పరచుటకు వెర్మిక్యులైటు గాని, కోకోపీట్ అని నర్సరీలలో అమ్ము కొబ్బరిపీచు పొట్టు గాని తగినది. వెర్మిక్యులైటునకు దాని బరువునకు సమానమైన నీరు కలుపవచ్చును. కొబ్బరి పొట్టును తడిపి పిడికిట గట్టిగా పిండినప్పుడు నీరు బొట్లుగా కారరాదు. గ్రుడ్లను వాని స్థానమునుండి తీయుటకు ముందే ప్రతి దాని పైభాగమున మెత్తని పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ గుర్తు ఎల్లప్పుడు పైకే ఉండునట్లు సగము వరకు పొట్టులో పొదుగవలెను. ఒకదానికొకటి అంటుకొనిన గ్రుడ్లను విడదీయరాదు. డబ్బా గోడలకు పైభాగమున రెండు మూడు చిన్న రంధ్రములు చాలును. పెట్టె మూతను కొంచెము వాలుగా ఉంచిన యెడల, దానిపై చేరిన నీటి బొట్లు గ్రుడ్లపై పడక ప్రక్కకు జారును.

వారమున కొకసారి మూత తీసి గాలి సోకనిచ్చి పరీక్షించిన చాలును. గ్రుడ్లు ముందుగానే సొట్టలు పడిన యెడల తేమ చాలలేదని అర్థము. అప్పుడు నీటిని గ్రుడ్లపై కాక, అంచుల వెంబడి పొట్టులో పోయవలెను. చివరి దినములలో కొలదిగా సొట్టపడుట సహజమే. పిల్ల తన ముక్కుకొననున్న చిన్న పంటితో పెంకును చీల్చి తల బయట పెట్టును. ఒకటి రెండు దినములు అట్లే ఉండి మిగిలిన పచ్చసొనను తనలో ఇముడ్చుకొనును. తొందరపడి లాగుట దానికి ప్రాణాపాయము.

చట్టము, జాగ్రత్త

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున "జంతువు" అను పదములో సరీసృపముల గ్రుడ్లును చేరియున్నవి. వాని గ్రుడ్లను పాడుచేయుటను, కదల్చుటను సైతము వేట క్రిందనే చట్టము పరిగణించును. కావున అనుమతి లేక గ్రుడ్లను ఇంటికి తెచ్చుట, ఎంత సదుద్దేశముతోనైనను, నేరమే. గ్రుడ్లు కనబడిన యెడల వానిని కప్పి, తల్లి సమీపముననే ఉండవచ్చునని దూరముగా తొలగి, అటవీ శాఖ వారికి తెలియజేయుట మన మొదటి కర్తవ్యము. ఉన్నచోటనే వదలుటకు వీలున్న యెడల అంతకంటె మంచి పొదుగు పెట్టె లేదు.

మరియొక సంగతి. గ్రుడ్డును చూచి అది జెర్రిపోతుదో నాగుపాముదో సామాన్యులు చెప్పజాలరు. నాగుపాము పిల్ల పుట్టిన క్షణమునుండియే పడగ విప్పగలదు, విషముతో కాటువేయగలదు. 2020లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము, 2000 మొదలు 2019 వరకు మన దేశమున సుమారు 12 లక్షల మంది పాముకాటు వలన మరణించిరని అంచనా వేసినది. కావున ప్రతి గ్రుడ్డును విషసర్పముదేయని భావించి, పెట్టెకు తాళము వేసి, పిల్లలు వెలువడు సమయమున శిక్షణ పొందినవారే దగ్గరనుండునట్లు చూడవలెను. కాటు పడిన వెంటనే ఆసుపత్రికి వెళ్ళుట తప్ప వేరు మార్గము లేదు. అచ్చట ఇచ్చు విరుగుడు మందు తయారగునది కూడ ఆ పాముల విషమునుండియే. వానిని సమూలముగా నశింపజేసిన యెడల మన ఔషధమునకే మూలము లేకపోవును.

విద్యార్థులకు, కళాశాల కమిటీ వారికి మనవి

గ్రుడ్లు లేకుండగనే ఈ పెట్టెను మన ప్రయోగశాలలో నిర్మింపవచ్చును. రెండు వారములపాటు ఉదయము, మధ్యాహ్నము, రాత్రి వేడిని వ్రాసి గ్రాఫు గీసిన యెడల భౌతిక, జీవ శాస్త్రములు రెండును ఒకచోట నేర్చినట్లగును. ఒక డిగ్రీ తేడాతో పెట్టెను నిలుపగలవారికే గ్రుడ్లను అప్పగించుట న్యాయము. కమిటీ వారు స్వల్ప వ్యయమునకు అనుమతించి, అటవీ శాఖ వారికి ఒక లేఖ వ్రాసిన యెడల, వారు కాపాడదలచిన గ్రుడ్లకు మన కళాశాలలో సిద్ధముగానున్న పెట్టె ఒకటి ఉండును. పారకు ముందు ఆలోచన పనిచేయునట్లు చేయుటయే విద్య యొక్క ప్రయోజనమని మా విశ్వాసము.