ఆ కంప్యూటర్ పారేయకండమ్మా

తెనాలి

చిరంజీవి హారికకు,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది. మీ పెద్దమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. పరీక్షలు బాగా రాశావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం.

నువ్వు అడిగింది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ ఇంట్లో డెస్క్‌టాప్ ఇక పనికిరాదని, విండోస్ 11 అందులో ఎక్కదని, కొత్తది కొనాల్సిందేనని షాపతను అన్నాడన్నావు. ఎక్కదన్న మాట నిజమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి పైవాటినే అది ఒప్పుకుంటుంది. మీది మూడో తరం ఐ3. కానీ పనికిరాదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆ ప్రాసెసర్ 64 బిట్ది, మదర్‌బోర్డు బాగుంది, మానిటర్ బాగుంది. ఇంత మంచి యంత్రాన్ని తుక్కు కింద అమ్మేస్తామంటే నా మనసు ఒప్పదు.

ముందు నా సలహా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వెయ్యి, అందులోనూ తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. దానితోపాటు పాత హార్డ్‌డిస్క్ స్థానంలో పెట్టడానికి ఒక ఎస్‌ఎస్‌డీ కొను.

ఈ నిర్ణయానికి నేను యంత్రం వైపు నుంచి రాలేదమ్మా, దాని ముందు కూర్చునే మనుషుల వైపు నుంచి వచ్చాను. మీ నాన్న దాని మీద భజన సమాజం లెక్కలు రాస్తాడు, కరెంటు బిల్లు కడతాడు. తమ్ముడు ఈఏపీసెట్ వీడియోలు చూస్తాడు. నానమ్మ ఆదివారం అమెరికాలో ఉన్న మీ అత్తయ్యతో వీడియోలో మాట్లాడుతుంది. నువ్వేమో రాజమండ్రి హాస్టల్లో ఉంటావు. ఏదైనా తేడా వస్తే పక్కన కూర్చుని సరిచేసే వీలు నీకుండదు. కాబట్టి నీకు నచ్చే సిస్టమ్ కాదు, నువ్వు ఊళ్లో లేనప్పుడు కూడా వాళ్లను ఇబ్బంది పెట్టని సిస్టమ్ కావాలి. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ తెరవగానే కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. మీ నాన్న చేతికి ఇన్నేళ్లుగా అలవాటైన చోట్లే అన్నీ ఉంటాయి. యాభై దాటిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

నెట్‌లో వెతికితే వందల కొద్దీ లినక్సులు కనిపించి నీకు తల తిరిగి ఉంటుంది. వాటి వంశవృక్షం ఒకసారి తెలుసుకుంటే ఆ బెదురు పోతుంది. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, అన్నిటికీ ఒకటే. అంతకుముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ అందరూ స్వేచ్ఛగా వాడుకునే సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఈ రెండింటినీ కలిపి, మిగతా సాఫ్ట్‌వేర్ చేర్చి, వాడుకునే రూపంలో ఇచ్చేవాళ్లు వేరువేరు. 1993లో డెబియన్ వచ్చింది. దాని మీద 2004లో ఉబుంటు, ఉబుంటు మీద 2006లో మింట్ వచ్చాయి. ఈ వరస వల్ల నీకొక లాభం ఉంది. ఉబుంటు వాడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్లకు పనిచేసిన పరిష్కారం చాలావరకు మింట్‌లోనూ పనిచేస్తుంది. ఇంకో ముచ్చట, మింట్ వెర్షన్లకు ఆడవాళ్ల పేర్లు పెడతారు. మొదటి దాని పేరు ఆడా.

మిగతావి చెడ్డవని కాదు. ఉబుంటు మంచిదే, కానీ మీ 4 జీబీ ర్యామ్‌కు దాని డెస్క్‌టాప్ బరువెక్కువ, రూపం కూడా నాన్నకు కొత్త. లుబుంటు తేలిక. డబ్లిన్ నుంచి వచ్చే జోరిన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఎంఎక్స్ లినక్స్ పాత యంత్రాలకు గట్టి నేస్తం, కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు ఇంకా నచ్చుతుంది. ఇక మీ మావయ్య అటక మీదున్న ఆ చిన్న నెట్‌బుక్ సంగతి వేరే. అది 32 బిట్ యంత్రం. డెబియన్ కూడా 2025లో విడుదల చేసిన 13వ వెర్షన్‌తో 32 బిట్‌కు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. దాని మీద నీ సెలవులు ఖర్చుపెట్టకు.

ఇప్పుడు ర్యామ్ మాట. అందరూ ఏ లినక్స్ ఎంత తక్కువ మెమరీ తింటుందని పోల్చి చూస్తుంటారు. నిజానికి ఈ రోజుల్లో మెమరీని మింగేది సిస్టమ్ కాదు, బ్రౌజర్. తమ్ముడు యూట్యూబ్, వాట్సాప్ వెబ్, ఇంకో పది ట్యాబులు తెరిచాడంటే ఎంత తేలిక లినక్స్ అయినా 4 జీబీలో ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మింట్‌కు కనీసం 2 జీబీ చాలంటారు, హాయిగా నడవాలంటే 4 అంటారు. నేనైతే 8 చెయ్యమంటాను. మీది డీడీఆర్3 ర్యామ్. ఇప్పుడున్న ముక్క మీద అంకెలు ఫోటో తీసుకుని సెకండ్‌హ్యాండ్ షాపులో చూపిస్తే సరిపోయేది ఇస్తారు. డీడీఆర్4 ఆ స్లాట్‌లో పట్టదు, గాడి చోటు వేరు.

అయినా డబ్బు ఒకదానికే ఉంటే ర్యామ్‌కు కాదు, ఎస్‌ఎస్‌డీకి పెట్టు. 240 లేదా 256 జీబీది, రెండున్నర అంగుళాల శాటా రకం. పాత హార్డ్‌డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దాని మీద సూది ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలాలి. కంప్యూటర్ ఆన్ చేశాక లోపల్నుంచి వచ్చే ఆ గరగర శబ్దం అదే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. స్విచ్ వేసి కాఫీ తాగొచ్చేంత ఆలస్యం పోయేది దీనివల్లే. మింట్ వేశాక "ఎంత వేగమొచ్చిందో" అని ఇంట్లో అంటే, అందులో ఎక్కువ వాటా ఎస్‌ఎస్‌డీదే.

బిగించడం నువ్వే చెయ్యి. ప్లగ్ పీకి, క్యాబినెట్ పక్క రేకు స్క్రూలు విప్పి, ముందు దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులుపు. ఏదైనా ముట్టుకునే ముందు ఇనుప క్యాబినెట్‌ను ఒకసారి ఒట్టి చేత్తో తాకు, ఒంట్లో ఉన్న స్టాటిక్ దిగిపోతుంది. పాత హార్డ్‌డిస్క్‌కు రెండు కేబుళ్లు ఉంటాయి, సన్నది డేటాది, వెడల్పుది కరెంటుది. రెండూ పీకి ఎస్‌ఎస్‌డీకి తగిలించు. పాత డిస్క్‌ను అలాగే ఊడదీసి ఉంచు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఎరేజ్ డిస్క్" అని ఒక ఆప్షన్ వస్తుంది. అప్పుడు యంత్రంలో ఖాళీ ఎస్‌ఎస్‌డీ తప్ప ఇంకేమీ లేకపోతే, పొరపాటున నొక్కినా పోయేదేమీ ఉండదు. మీ అక్క పెళ్లి ఫొటోలు, నాన్న లెక్కలు, విండోస్‌తో సహా అన్నీ పాత డిస్క్‌లో భద్రం. పని పూర్తయ్యాక దాన్ని వేరే కేబుల్‌తో మళ్లీ తగిలిస్తే మింట్ ఆ ఫైళ్లన్నీ చదువుతుంది. అయినా సరే, ఆ ఫొటోలు ముందే ఇంకోచోటికి కాపీ చేసిపెట్టు. ఒక్క డిస్క్‌లోనే ఉన్న ఫొటో ఎప్పుడైనా పోవచ్చు.

ఇంత పనికీ ముందు చేయాల్సింది పరీక్ష. మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, ఇన్‌స్టాల్ చేసేదాకా డిస్క్ మీద చుక్క కూడా మారదు. ఐఎస్ఓ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. విండోస్‌లో రూఫస్ గాని ఎచర్ గాని వాడి దాన్ని పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకో. డౌన్‌లోడ్ మింట్ వాళ్ల సొంత సైటు నుంచే చెయ్యి, ఫైలు అసలుదో కాదో తేల్చే షా256 అంకె అక్కడే ఇస్తారు, దానితో సరిపోల్చు. 2016 ఫిబ్రవరిలో ఎవరో ఆ సైటులోకే చొరబడి డౌన్‌లోడ్ లింకును మార్చి కల్తీ ఫైలు పెట్టారు. మింట్ వాళ్లు త్వరగానే గుర్తించి అందరికీ చెప్పారు. సరిపోల్చుకోవడం ఎందుకో అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

కంప్యూటర్ ఆన్ చేసి ఎఫ్12 గాని ఎఫ్9 గాని, బోర్డును బట్టి, నొక్కుతూ ఉంటే దేన్నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకో. డెస్క్‌టాప్ వచ్చాక ఇన్‌స్టాల్ బొమ్మ జోలికి పోకుండా మొదట స్పీకర్లో పాట పెట్టు. కెమెరా పెట్టి అత్తయ్యకు ఒక కాల్ చేయించు, నానమ్మ గొంతు అవతలికి వినపడాలి. ఇంటర్నెట్‌కు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, మింట్ దాన్ని వైరు కనెక్షన్‌లా పట్టుకుంటుంది. ప్రింటర్ దగ్గర కొంచెం ఓపిక పట్టాలి. మీది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 కదా, అది లినక్స్‌లో పనిచేస్తుంది, కాకపోతే హెచ్‌పీలిప్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా ఒక చిన్న ప్లగిన్ దించుకోవాలి. ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ ఉన్నప్పుడు ఆ పని చెయ్యి.

తెలుగు సంగతి మర్చిపోలేదు. మీ నాన్న భజన కరపత్రాల పాత ఫైళ్లు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కొట్టించినవి. అవి యూనికోడ్ కావు. ఆ అక్షరాలను నేరుగా మింట్‌లో ఉండే లిబ్రెఆఫీస్‌లోకి తెస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అది చూసి మింట్‌లో తెలుగు రాదని నాన్న అనుకుంటాడు, ముందే చెప్పు. కావలసిన పాఠాన్ని అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, విండోస్ ఉండగానే ఆ పని ముగించుకో. కొత్తగా కొట్టడానికి కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కలిపితే సరి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఐబస్, దానితో ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుని ఆర్‌టీఎస్ పద్ధతి ఎంచుకో. పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీగానే దొరుకుతాయి. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్లుగా లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి శ్రమిస్తున్నారు. కేరళలో అయితే ప్రభుత్వ బడి పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. పదేళ్ల పిల్లలకు వచ్చేది మీ నాన్నకు రాదా?

ఎవరికి వద్దో కూడా చెప్పాలి. మీ మావయ్య ప్రెస్‌లో పొద్దస్తమానం పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తాయి. ఆ యంత్రాన్ని కదిలించకు. టాలీ మీద బతికే దుకాణాలకూ అంతే, అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. ఉత్సాహంలో అందరి కంప్యూటర్లూ మార్చేస్తానని బయల్దేరితే మాట పోతుంది, లినక్స్ పేరూ పోతుంది.

ఇన్‌స్టాల్ దగ్గర చెప్పేది ఎక్కువ లేదు. మల్టీమీడియా కోడెక్‌ల గడిలో టిక్ పెట్టు, టైమ్‌జోన్ కోల్‌కతా, పాస్‌వర్డ్ నాన్నకు గుర్తుండేది. అయ్యాక టైమ్‌షిఫ్ట్ తెరిచి వారానికోసారి స్నాప్‌షాట్ తీసేలా పెట్టు. ఏ అప్‌డేట్ వల్లనైనా సిస్టమ్ మొండికేస్తే వెనక్కి తిప్పుకోవచ్చు. అది నాన్న ఫైళ్లను దాచదు, వాటికి వేరే కాపీ ఉండాలి. ఎక్కడో కనిపించిన కమాండును అర్థం కాకుండా టెర్మినల్‌లో అతికించకు. మింట్ 22 వరసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కాబట్టి అదీ ఇదీ అని నెలకో లినక్స్ మార్చకు. నీకు ప్రయోగాలు చేయాలనుంటే నీ ల్యాప్‌టాప్ మీద చేసుకో, ఇంటి కంప్యూటర్ మాత్రం ఒకటే ఉండాలి.

పాలిటెక్నిక్ ల్యాబులో ఇన్నేళ్లు పనిచేశాను గనుక చెప్తున్నాను, దొంగ కాపీ విండోస్ మీద నేర్చుకున్న పిల్లలను, లినక్స్ మీద నేర్చుకున్న పిల్లలను ఇద్దర్నీ చూశాను. రెండో వాళ్లకు యంత్రం తమదన్న ధైర్యం ఉంటుంది. లోపల ఏముందో చూడొచ్చు, మార్చొచ్చు, కాపీ తీసి పక్కింటివాళ్లకు ఇవ్వొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ధైర్యం నీకూ రావాలనే ఇంత రాశాను.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ పని పెట్టుకో. మొదటి రోజు మీ నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, మౌస్ ఆయన చేతికే ఇచ్చి, నువ్వు పక్కన నిలబడు. ఆయన తడబడ్డా నువ్వు చెయ్యి పెట్టకు తల్లీ.

ఇట్లు,
మీ పెదనాన్న