లగ్గం అయ్యేదాకా నోరు విప్పొద్దట!

సమస్య: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. వయసు 31. ఒమన్‌లోని ఖురియాత్‌లో పికప్ డ్రైవర్‌ని. పోయిన నెల సూర్ నుంచి చేపల లోడుతో వస్తుంటే, బిమ్మా దాటాక, తెల్లవారుజామున సముద్రం వైపు పెద్ద వెలుగు కనబడింది. బండి పోతుంటే పక్కనే వచ్చింది, ఆపితే ఆగింది. మళ్లీ బయలుదేరిన కాసేపటికి అద్దం మీదికే వచ్చినట్టయి క్యాబిన్ అంతా తెల్లబడింది. కళ్లు తెరిచేసరికి బండి రోడ్డు దిగి మట్టిలో ఉంది. వెలుగు లేదు.

రూమ్‌లో దోస్తులు ఎగిరే పళ్లెం అన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే అవ్వ దిష్టి తగిలిందని ఏడ్చింది. బావ తాగి నడిపినవా అన్నాడు. కఫీల్‌కు (నన్ను పనికి తెచ్చుకున్న యజమానికి) తెలిస్తే పంపించేస్తాడని నా భార్య భయం. చెల్లెకు సంబంధం చూస్తున్నారు. ‘లగ్గం అయ్యేదాకా ఎవరికీ చెప్పకు, పిచ్చోళ్ల ఇల్లంటారు’ అన్నాడు బాపు. కట్నం కోసమే పగటి డ్యూటీ అయ్యాక వేరే సేటు దగ్గర ఈ రాత్రి ట్రిప్పులు వేస్తున్నా. నాకు నిజంగానే పిచ్చా?
– పేరు వద్దు, ఖురియాత్

సలహా: తమ్ముడూ, నీకు పిచ్చి లేదు. వెలుగు సంగతి ముందు తేల్చేద్దాం. వేగుచుక్క కనబడే రోజుల్లో తూర్పున సముద్రం మీద దీపంలా మండుతుంది. ఎంతో దూరాన ఉంటుంది కాబట్టి బండి పరుగెడితే పరుగెత్తినట్టు, ఆపితే ఆగినట్టు అనిపిస్తుంది. చేపల పడవల దీపాలూ కావచ్చు. అమెరికాలో జిమ్మీ కార్టర్ 1969లో ఆకాశంలో వింత వెలుగు చూశానని, 1973లో గవర్నరుగా ఉండగా కాగితం మీద రాసిచ్చాడు. 1976లో జనం ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. పిచ్చోడని ఇంట్లో కూర్చోబెట్టలేదు.

మన దగ్గర 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో వింత యంత్రమొకటి పొలంలో దిగితే ఊరంతా చూడటానికి పరుగెత్తింది. హైదరాబాద్ టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఎగరేసిన ప్రయోగ క్యాప్సూల్ అని తర్వాత తేలింది. ఆ ఊరి ఆడపిల్లలకు సంబంధాలు రావడం మానేశాయా? నువ్వు దాటొచ్చిన బిమ్మా దగ్గరున్న పెద్ద గుంటకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు హవియత్ నజ్మ్. చుక్క రాలి పడ్డ గొయ్యి అని వాళ్ల కథ. సున్నపురాయి కరిగి నేల కింద ఖాళీ ఏర్పడి, దాని పైకప్పు కూలిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ కథ చెప్పుకునేవాళ్లను ఎవరూ వెలివేయలేదు, పైగా అక్కడ పార్కు కూడా వెలిసింది.

నేను జవాబు రాస్తున్నది వెలుగు కోసం కాదు. ‘కళ్లు తెరిచేసరికి’ అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. అంటే కళ్లు మూతపడ్డాయన్నమాట! పగలంతా డ్యూటీ, రాత్రంతా స్టీరింగు. నా అనుమానం నిద్ర మీదే. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు, మధ్యలో నువ్వు. ఇంట్లో ఇంతమందిలో ఒక్కరైనా బండి మట్టిలోకి ఎందుకు దిగిందిరా అని అడిగారా?

గల్ఫ్‌కు కొడుకును పంపిన ఇళ్లలో ఈ జబ్బు నేను చాలా చూశాను. పంపిన డబ్బు లెక్క రూపాయితో సహా తెలుసు. అతను ఎన్నింటికి పడుకుంటాడో తెలియదు. ఫోన్లో ‘బాగున్నా’ అంటే అందరికీ హాయి. బాగాలేనని ఒక్కసారి నోరు జారితే తాగావా, దిష్టా, పరువు పోతుందా! ఆ ఇంటి పరువంతా అతని మౌనం మీదే నిలబడాలి. బాపుగారూ, కొడుక్కి పిచ్చి అన్న మాట ఊరు అనలేదు, ముందు మీ నోట వచ్చింది. 1961 నుంచి కట్నం నేరమని చట్టం ఉంది. ఆ నేరానికి డబ్బు కూడబెట్టడానికి కొడుకు నిద్రను తాకట్టు పెట్టారు. కఫీల్‌ను కాదని వేరేచోట పనిచేయడం ఒమన్ చట్టానికీ విరుద్ధం. రేపు ప్రమాదం జరిగితే అతని తరఫున నిలబడేదెవరు?

తమ్ముడూ, కంటినిండా నిద్రపోయిన రోజుల్లో కూడా అలా తెల్లబడితే వెంటనే డాక్టరుకు చూపించు, మూర్ఛలాంటిదేమైనా ఉందేమో తెలుస్తుంది. అప్పటిదాకా బండి ముట్టకు. ఇంకొకటి. ఇంత గోలలో నీ చెల్లెను ఎవరూ ఏమీ అడగలేదు. లగ్గం ఆమెది. ఆమెకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పు, కట్నం ఎంతని మాట్లాడారో, అదెలా వస్తోందో కూడా చెప్పు. రాత్రి ట్రిప్పులు మాత్రం ఇవాళే మానెయ్యి.