అశ్వశక్తియు ధౌరేయములును: ఒక పదవిచారము

ట్రాక్టరు బలమును, బావిమోటారు బలమును అశ్వశక్తితో కొలుచుట నేడు ప్రతి పల్లెలోను ఉన్న వాడుక. తిమ్మాజిపేట ప్రాంతపు రైతు తన మోటారు ఐదు హెచ్.పి. అని చెప్పును. కాని ఆతని తాతముత్తాతలు గుఱ్ఱమును నాగటికి కట్టినవారు కారు. ఈ కొలత ఇంగ్లండునుండి వచ్చినది. పదునెనిమిదవ శతాబ్ది చివర జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రము ఎన్ని గుఱ్ఱముల పని చేయునో కొనువారికి తెలుపుటకై నిమిషమునకు 33,000 అడుగు-పౌనుల పనిని ఒక అశ్వశక్తిగా నిర్ణయించెను. మన వ్యవసాయ యంత్రశాస్త్రజ్ఞులు ఒక జత ఎడ్ల నిలుకడ బలమును ఇంచుమించుగా అంతే యని లెక్కింతురు. అనగా ఎద్దునకు అర్ధాశ్వము.

యంత్రమును మాని గుఱ్ఱముతో సేద్యమును, రవాణాను సాగింపవలెనను వాదము పాశ్చాత్యదేశములలో వినబడుచున్నది. అమెరికాలోని ఆమిష్ సమాజమువారు నేటికిని గుఱ్ఱములతోనే దున్నుచున్నారు. ఆ వాదమును ఈ దేశమునకు అన్వయింపబూనువారు ముందుగా ఒక విషయమును విచారింపవలెను. మన వాఙ్మయమున ధురమును మోసిన జంతువేది?

అమరకోశమున వర్గవిభాగమే దీనికి తొలి సాక్ష్యము. ఘోటక, తురగ, హయ, సైంధవాది పదములు క్షత్రియవర్గమున సేనాంగప్రకరణమునందున్నవి. అనడుహ, బలీవర్ద, ధుర్య, ధౌరేయ పదములు వైశ్యవర్గమున కృషి, గోరక్షలతో కలిసి పఠింపబడినవి. అశ్వపదములలో రథమును లాగునది రథ్యమనియు, వీపుపై బరువు మోయునది పృష్ఠ్యము, స్థౌరి యనియు చెప్పబడినవి. హలమును లాగు గుఱ్ఱమునకు మాత్రము అక్కడ పేరు లేదు. పేరు లేకపోవుట చిన్న విషయము కాదు. తెల్లగుఱ్ఱమునకు కూడ ప్రత్యేకముగా కర్కమని పేరిచ్చిన కోశకారుడు దున్ను గుఱ్ఱమును ఎఱిగియుండినచో విడిచియుండడు.

ఇచ్చట ఒక పూర్వపక్షము కలదు. ఋగ్వేద చతుర్థమండలమునందలి 57వ సూక్తము క్షేత్రపతి స్తుతి. అందు సుఖముగా లాగవలెనని కోరబడినవి వాహములు. వాహశబ్దమును అమరసింహుడు అశ్వపర్యాయములలో చేర్చెను గదా, కావున వైదికకాలమున గుఱ్ఱములు దున్నెననరాదా యని శంక. దీనికి సమాధానము వేదమునందే లభించును. ప్రథమమండలము 23వ సూక్తమున ఉపమానముగా చెప్పబడినది ఎడ్లతో యవల పొలము దున్నుట. తైత్తిరీయసంహితలో అగ్నిచయనమునకై విధింపబడిన కర్షణము షడ్గవ, ద్వాదశగవములతో జరుగును. ఈ సమాసములు గోశబ్దాంతములే. దశమమండలము 101వ సూక్తమున నాగలి పూనుటయు, గుఱ్ఱములను తృప్తిపఱచుటయు రెండును వినబడును గాని, గుఱ్ఱముల ప్రసంగము రథముతో ముడిపడినది, హలముతో కాదు. కావున కృషిసూక్తమున వాహశబ్దము యౌగికము, వహించునది యని మాత్రమే యర్థము.

పాణిని చతుర్థాధ్యాయ చతుర్థపాదమున 76 మొదలు 81 వఱకు గల ఆఱు సూత్రములు కేవలము భారవాహముల కొఱకే యున్నవి. రథమును మోయునది రథ్యము, కాడిని మోయునది యుగ్యము, ప్రాసంగమును మోయునది ప్రాసంగ్యము. ప్రాసంగమనగా కోడెలను మరపుటకై మెడపై వేయు కొయ్య. ధురమును మోయునది ధుర్యము, ధౌరేయము. బండిని లాగునది శాకటము. హలమును, సీరమును లాగునవి హాలికము, సైరికము. విద్యార్థులు ఈ రూపములను ప్రత్యయభేదముకొఱకు మాత్రమే వల్లించి సాగిపోవుదురు. కాని హాలికపదము కొంత నిలిచి చూడదగినది. హలముతో త్రవ్వువాడు హాలికుడనుట అదే పాదమునందలి రెండవ సూత్రముచే సిద్ధించును. హలమును వహించు ఎద్దు హాలికమనుట 81వ సూత్రముచే సిద్ధించును. రెండింటను ప్రత్యయమొక్కటే, రూపమొక్కటే. మన కవులు గౌరవముతో చెప్పుకొను ఆ పేరు రైతుకును ఆతని ఎద్దునకును ఉమ్మడియైనది.

ఏకధురీణ, సర్వధురీణ పదముల భేదము పుస్తకమున కంటె పొలమున సులభముగా తెలియును. కాడికి ఎడమవైపు కట్టునది దాపటి ఎద్దు, కుడివైపు కట్టునది వలపటి ఎద్దు. కొన్ని ఎడ్లు తాము మరగిన వైపుననే నడచును. ప్రక్క మార్చినచో చాలు తప్పును. అది ఏకధురీణము. ఏ వైపున కట్టినను నడచునది సర్వధురీణము. సంతలో దానికి ధర ఎక్కువ పలుకుట సహజము. ఎడ్లు లేని ఊరిలో పెరిగిన విద్యార్థికి ఈ భేదమును తెలుపుటకు నేటి ఉపాధ్యాయుడు నల్లబల్లపై కాడి బొమ్మ గీయవలసి వచ్చుచున్నది.

గుఱ్ఱము నాగటికి రాకపోవుటకు కారణము దేహనిర్మాణము. ఎద్దు స్కంధప్రదేశమునకు అమరము వహమని పేరిచ్చినది. అడ్డకొయ్య మూపురము ముందర నిలిచి బరువును భుజములకు అందించును. గుఱ్ఱమునకు మూపురము లేదు. దానికి మెడను నొక్కని మెత్తని కంఠపట్టెడ కావలెను. ఆ సాధనము చీనాలో ముందుగా ఏర్పడి, మధ్యయుగమున ఐరోపాకు చేరిన పిదపనే అక్కడ గుఱ్ఱపు నాగలి వ్యాపించినది. ప్రాచీనుల పట్టెడ గుఱ్ఱము గొంతును బిగించుటచే భారము లాగలేకపోయెనని 1931లో ఫ్రెంచి సైనికాధికారి లెఫెవ్ర్ దె నోయెత్ వాదించెను. 1970ల దశకమున స్ప్రూయెత్ రథములను చేయించి, తోలి చూచి ఆ వాదమును చాలవఱకు సడలించెను. అయినను అడ్డకొయ్య కాడి ఎద్దు మెడకు తగినట్లు గుఱ్ఱము మెడకు తగదనుటలో వివాదము లేదు.

కౌటిల్యుని విధానమును గూడ ఇచట గమనింపవలెను. అశ్వాధ్యక్షప్రకరణమున యుద్ధమునకు తగని మగగుఱ్ఱములను పౌరజానపదుల ఆడుగుఱ్ఱములకు బీజార్థము వినియోగింపుమనెను గాని నాగటికి పంపుమనలేదు. గోఽధ్యక్షప్రకరణమున, ముక్కుత్రాడు వేసి మేలుజాతి గుఱ్ఱపు నడకతో లాగు ఎడ్లకు అర్ధభారము పచ్చగడ్డి, దానికి రెట్టింపు ఎండుగడ్డి, ఒక తుల తెలికపిండి, పది ఆఢకముల తవుడు మొదలైనవి ఆహారముగా విధించెను. వేగమునకు ఉపమానము గుఱ్ఱము, మేత ఎద్దునకు.

పరాశరస్మృతి ద్వితీయాధ్యాయము ఎనిమిది ఎడ్ల నాగలి ధర్మ్యమనియు, ఆఱింటిది మధ్యమమనియు, నాలుగింటిది క్రూరులదనియు, రెండింటిది వృషఘాతకులదనియు చెప్పును. ఆకలిగొన్న, దప్పిగొన్న, అలసిన ఎద్దును కట్టరాదనియు ఆదేశించును. కృషిపరాశరమునను ఇట్టి నియమమే కలదు. ఈ లెక్క విని నవ్వువారున్నారు. కాని నిబంధకారులు రెండెడ్లతో పగటి నాలుగవ పాలు, నాలుగింటితో మధ్యాహ్నము వఱకు, ఆఱింటితో మూడు జాములు, ఎనిమిదింటితో దినమంతయు దున్నవచ్చునని వివరించిరి. కావున ఇది ఒకేసారి ఎనిమిది ఎడ్లను కట్టుమనుట కంటె, మార్చి మార్చి కట్టి ఒక్కొక్క జతకు విశ్రాంతి నిమ్మనుటగా గ్రహించుట సమంజసము. ఎద్దు నొప్పిని లెక్కించిన ఆధునికులును కలరు. బెంగుళూరు భారతీయ నిర్వహణ సంస్థ తొలి సంచాలకుడైన ఎన్.ఎస్. రామస్వామి 1970ల నుండి బండికాడి పుండ్లను చూపి, కాడిని, చక్రములను బాగుచేయవలెనని వాదించుచు వచ్చెను.

ఇక పాలమూరు సంగతి. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన తిమ్మాజిపేట పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. గద్వాల, వనపర్తి సంస్థానములలో గుఱ్ఱము రాచరికపు వాహనము. చెల్క దున్నినది ఎద్దే. పెరికెలు మోసి దక్కనున ధాన్యము చేరవేసినవి లంబాడీల ఎడ్లు. పడమట కృష్ణలో కలియు భీమానది తీరమునుండి పేరుపొందిన భీమ్‌థడీ గుఱ్ఱము కూడ గొఱ్ఱెలకాపరుల సామాను మోయు స్థౌరియే గాని హాలికము కాదు.

ఈ జిల్లా పొలములకు ఎడ్లను ఇచ్చినది నల్లమల. అమ్రాబాదు ప్రాంతమున మందలుగా పెరుగు పొడ తూర్పు జాతికి, ఒంటిపై పొడలుండుటచే ఒక పదము, పడమటి రైతులకు తూర్పునుండి వచ్చుటచే మఱియొక పదము ఏర్పడినవి. 2020లో జాతీయ పశు జన్యువనరుల సంస్థ దీనిని ప్రత్యేకజాతిగా నమోదు చేసినది. మేతకు అడవి తగ్గుట, కొనువారు తగ్గుట అను రెండు వైపుల ఒత్తిడిలో ఆ మందలున్నవి. దేశమున 1960-61లో సేద్యపు శక్తిలో నాలుగింట మూడు పాళ్లకు మించినది పశువులది. ఇప్పుడది పదవ వంతునకును లోబడినది. దుక్కి ట్రాక్టరుదైనది. అయినను ప్రత్తి చాళ్ల నడుమ గుంటుక తోలుటకు ఎడ్లు అవసరమగుచునే యున్నవి, ఎదిగిన పైరులో పెద్ద చక్రము తిరుగజాలదు. కురుమూర్తి జాతరలో తూర్పు కోడెలను బేరమాడు రైతు మొదట మూపురమును తడవి చూచును, పిమ్మట ఏ ప్రక్కకు మరగినదని అడుగును.